లావు నవల సగంలో ఆగిపోకుండా

800 పేజీల నవల వెల్లకిలా పడుకుని చదివితే పది నిమిషాలకే మణికట్టు లాగేస్తుంది. కూర్చుని, ఒళ్లో తలగడ వేసుకుని దాని మీద పెట్టండి. పుస్తకం కొత్తదైతే ముందు నుంచి 20, వెనక నుంచి 20 పేజీల చొప్పున మధ్యకి వచ్చేదాకా తెరిచి మెల్లగా నొక్కండి, పుస్తకం వెన్ను దగ్గరి అతుకు విరగదు. మొదటి 100 పేజీలు ఆదివారం ఒక్కరోజులో అవ్వాలి. ముక్కలుగా చదివితే పేర్లు కలగాపులగమైపోతాయి. ఎవరికి ఎవరు ఏమవుతారో ఓ అట్టముక్క మీద రాసి, అదే గుర్తుగా పెట్టుకోండి. తర్వాత రోజూ తెల్లారి ఎండెక్కకముందు వీధరుగు మీద 25 పేజీలు చాలు, నెలలో పూర్తి. విజయనగరం నుంచి విశాఖ పాసింజరులో కిటికీ పక్కన సీటు దొరికితే ఇంకా హాయి. శ్రీకాకుళం బస్సులో మాత్రం వద్దు, కుదుపులకి అక్షరాలు ఊగి తల తిరుగుతుంది. తుపాను ముసురులో అరుగూ పనికిరాదు, చెమ్మకి కాగితం ఉబ్బుతుంది.