ఆర్‌సీ (రేడియో రిమోట్‌తో నడిపే) విమానం నేర్చుకుందాం – 5వ పాఠం: విమానం ఎదురుగా వస్తున్నప్పుడు

పోయిన పాఠంలో విమానాన్ని మనకు దూరంగా పంపి, ఎత్తు తగ్గకుండా మలుపు తిప్పడం దాకా వచ్చాం. ఇక అది తిరిగి మన వైపు రావాలి. కొత్తవాళ్ళ విమానాలు ఎక్కువగా విరిగేది ఇక్కడే. అందుకే ఈసారి పాఠమంతా ఈ ఒక్క విషయం మీదే.

విమానం దూరంగా పోతున్నంతసేపూ మీ కుడి, దాని కుడి ఒకటే. ముక్కు మీ వైపు తిప్పుకోగానే దాని కుడి రెక్క మీకు ఎడమ పక్కన ఉంటుంది. రిమోట్ మీది స్టిక్ కుడికి నెడితే అది తన కుడికే వాలుతుంది, మీ కళ్ళకు మాత్రం ఎడమకి పోతుంది. రడ్డర్ (ముక్కును పక్కకి తిప్పే తోక పలక) సంగతీ అంతే. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పేది), థ్రాటిల్ (మోటారు వేగం) మారవు. స్టిక్ వెనక్కి లాగితే, విమానం ఎటు తిరిగి ఉన్నా ముక్కు పైకే లేస్తుంది. మన క్లబ్‌లో అందరిదీ మోడ్ 2 (రెక్కల వాలు, ఎలివేటర్ కుడిచేతి స్టిక్‌కి, రడ్డర్, థ్రాటిల్ ఎడమచేతి స్టిక్‌కి ఉండే అమరిక) కాబట్టి, తికమక ఎక్కువగా కుడిచేతి స్టిక్‌ను అడ్డంగా కదపడంలోనే ఉంది.

చదివితే సులువుగానే ఉంటుంది. గ్రౌండ్‌లో జరిగేది వేరు. విమానం వస్తోంది. గాలికి మీ కుడి పక్క రెక్క కాస్త వాలింది. బొటనవేలు పాత అలవాటుతో ఎడమకి పోతుంది. రెక్క లేవకపోగా ఇంకా వాలుతుంది. టెన్షన్‌లో ఇంకొంచెం ఎడమకి నెడతారు. ముక్కు దిగుతుంది. పడిపోతోందని ఎలివేటర్ గట్టిగా లాగుతారు. రెక్కలు దాదాపు నిలువుగా ఉన్నప్పుడు ఎలివేటర్ లాగితే విమానం పైకి లేవదు. మలుపు ఇంకా బిగుసుకుని, సుడి తిరుగుతూ కిందికి వస్తుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. కాబట్టి ముందు రెక్కలు సమం చేయాలి, ఆ తర్వాతే ఎలివేటర్ లాగాలి. ఈ వరుస ఎప్పుడూ తప్పకూడదు.

రెక్కలు సమం చేయడానికి ఒక్క సూత్రం చాలు: విమానం ఎదురుగా వస్తున్నప్పుడు, వాలిన రెక్క మీకు ఏ పక్క కనిపిస్తే స్టిక్ ఆ పక్కకే. వాలిన పందిరికి కింద గుంజ పెట్టి లేపినట్టు అనుకోండి. కుడి, ఎడమ, దాని కుడి, మన ఎడమ అని లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే ఆలోపు నేల వచ్చేస్తుంది. రెక్కను చూడండి, స్టిక్ దాని కిందికి పోనివ్వండి. ఇది ఎదురొచ్చేటప్పటికే సుమా, దూరంగా పోయేటప్పుడు కాదు.

ఒళ్ళంతా విమానం పోయే దిక్కుకే తిప్పి, భుజం మీదుగా వెనక్కి చూస్తూ ఎగరేయమని కొందరు చెబుతారు. అప్పుడు కుడి ఎడమలు మారవన్నది నిజమే. కానీ నేను నేర్పను. ఆ అలవాటు పడినవాళ్ళు ల్యాండింగ్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

సాధన ఇలా చేయండి. మొదట మీ ముందు అడ్డంగా ఎనిమిది అంకె వేయించండి, రెండు చివర్లా మలుపు మీకు దూరం వైపే తిరగాలి. అది చేతికి వచ్చాక ఒక చివర మాత్రం మీ వైపు తిప్పండి. ఎదురొచ్చే ఆ కాసేపు స్టిక్‌ను చిన్నచిన్నగా తాకి వదలాలి, నొక్కి పట్టుకోకూడదు. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని గగనతలంలో) 400 అడుగుల దాకా ఎగరేయొచ్చని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. ఈ సాధనకు 150 అడుగులు చాలు. ఒక తప్పు చేసి, దాన్ని దిద్దబోయి ఇంకోటి చేసినా నేల తగలనంత ఎత్తు అది. మీ వైపు వస్తున్నా మనం నిలబడే గీత దాటి తల మీదికి మాత్రం రాకూడదు.

బడ్డీ బాక్స్ (రెండు రిమోట్లు కలిపి, సీనియర్ స్విచ్ నొక్కి ఉంచినంతసేపే నేర్చుకునేవాళ్ళ చేతికి విమానం ఇచ్చే ఏర్పాటు) పట్టుకునే సీనియర్లకు ఒక మాట. ఎగరేసే ముందు రెండు రిమోట్లలోనూ ట్రిమ్‌లు (స్టిక్ వదిలేసినప్పుడు పలకలు ఉండే స్థానాన్ని సరిచేసేవి) ఒకేలా ఉన్నాయో లేదో స్విచ్ నొక్కి, వదిలి చూడండి. స్విచ్ మారగానే ఎయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) ఏమాత్రం కదిలినా అది సరిచేశాకే పైకి లేపండి. గాల్లో రెక్క వాలగానే స్విచ్ వదిలేసి విమానం లాక్కోవద్దు. ఎత్తు ఉన్నంతసేపు నేర్చుకునేవాళ్ళనే దిద్దుకోనివ్వండి. "చూసుకో తమ్ముడూ, ఏ రెక్క వాలింది?" అని నెమ్మదిగా అడిగితే చాలు. బిట్రగుంట నుంచి వచ్చే డిగ్రీ కుర్రాడు ఆ ఒక్క ప్రశ్నతోనే దారిలో పడ్డాడు. అదే పక్కన నిలబడి "కుడి! కుడి!" అని అరిస్తే, ఎవరి కుడో తెలియక చేతులు బిగుసుకుపోతాయి.

కావలి తూర్పున మన గ్రౌండ్‌లో పొద్దున పూట ఇంకో ఇబ్బంది ఉంది. సూర్యుడు సముద్రం వైపు కిందుగా ఉంటాడు. విమానం అటు పోయిందంటే నల్లటి నీడలా కనబడుతుంది, వస్తోందో పోతోందో చెప్పలేం. ఉత్తరం వైపు చూస్తూ నిలబడి, కుడి చివరకి ఎక్కువ దూరం పోనివ్వకండి. రెక్క పైన లేత రంగు, అడుగున ముదురు పట్టీలు వేసుకుంటే చాలా తేడా తెలుస్తుంది. సముద్రపు గాలి తిరగక ముందే, పదిలోపు సాధన ముగించండి.

ఇంత చూసుకున్నా ఒక్కోసారి విమానం ఎటు తిరిగి ఉందో అంతుపట్టదు. అప్పుడు థ్రాటిల్ సగానికి తగ్గించి స్టిక్ వదిలేయండి. మన ట్రైనర్లకు (నేర్చుకునే విమానాలకు) రెక్కలు పైన ఉండి, చివర్లు కాస్త ఎత్తుగా ఉంటాయి కాబట్టి, వాలు మరీ ఎక్కువ లేకపోతే తమంతట తామే సమం అవుతాయి. తర్వాత స్టిక్ కొంచెం కుడికి ఇచ్చి చూడండి. విమానం మీ కుడికి జరిగితే దూరంగా పోతోంది, ఎడమకి జరిగితే మీ వైపు వస్తోంది.

రొయ్యల చెరువులో పడితే మాత్రం ఎవరూ దిగొద్దు. చెరువు కాపలా మనిషిని పిలిచి, ఏరేటర్లకు కరెంటు ఆపించాకే ఆయన చేతే తీయించండి. తడిసిన బ్యాటరీని మళ్ళీ వాడొద్దు, చార్జింగ్ అసలే పెట్టొద్దు.

వచ్చే ఆదివారం దాకా ఇంటి పని: సిమ్యులేటర్‌లో రోజూ పావుగంట, విమానం ముక్కు మీ వైపే ఉండేలా మలుపులు తిప్పండి. గాలి లేకుండా మొదలుపెట్టి, తర్వాత కొంచెం కొంచెం పెంచండి. ఆరో పాఠంలో ల్యాండింగ్‌కి గాలికి ఎదురుగా ఎలా దించాలో, ఆఖరి మలుపులో వేగం ఎందుకు పడిపోతుందో చూద్దాం.