కార్బన్ డయాక్సైడ్ కాంతి చర్య: పీక్ వచ్చినా నమ్మకం కుదరనప్పుడు

కాంతి, ఉత్ప్రేరకం సాయంతో కార్బన్ డయాక్సైడ్‌ను కార్బన్ మోనాక్సైడ్, ఫార్మిక్ ఆమ్లం లాంటివిగా మార్చే ప్రయోగాల్లో ఎదురయ్యే చిక్కులివి.

సమస్య: లైటు వేయగానే గ్యాస్ క్రోమాటోగ్రాఫ్‌లో (వాయువులను వేరుచేసి చూపే పరికరంలో) కార్బన్ మోనాక్సైడ్ పీక్ వచ్చింది. తీరా కార్బన్ డయాక్సైడ్ బదులు కార్బనే లేని ఆర్గాన్ నింపి చూస్తే, అప్పుడూ అదే పీక్.

కారణం: ఆ కార్బన్ మనం పంపిన గ్యాసుది కాదు. ఉత్ప్రేరకం తయారీలో మిగిలిపోయిన సేంద్రియ పదార్థం కాంతికి విడిపోయి ఉండొచ్చు. లేదా ద్రావకంగా వాడిన అయానిక్ లిక్విడే (ద్రవరూపంలో ఉండే లవణం) కొద్దికొద్దిగా విరిగిపోతూ ఉండొచ్చు. ఫార్మిక్ ఆమ్లం కనిపించినా ఇదే అనుమానం పెట్టుకోవాలి. డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) అనే ద్రావకం వాడితే అది నీటితో కలిసి సొంతంగానే ఫార్మిక్ ఆమ్లాన్ని ఇస్తుంది. గ్రీన్ సాల్వెంట్‌కు (పర్యావరణానికి తక్కువ హాని చేసే ద్రావకానికి) మారడానికి నా దృష్టిలో ఇదీ ఒక గట్టి కారణమే.

పరిష్కారం: చీకటిలో ఒకటి, ఉత్ప్రేరకం లేకుండా ఒకటి, ఆర్గాన్‌లో ఒకటి, ఇలా మూడు బ్లాంకులు (పోల్చి చూసే పరీక్షలు) తప్పనిసరి. ఉత్ప్రేరకం టైటానియం డయాక్సైడ్ అయితే ముందు గాలిలో వేడిచేసి, ఆ తర్వాత తడి ఆర్గాన్‌లో పీక్ ఆగేదాకా కాంతి కింద ఉంచండి. చివరి సాక్ష్యం కార్బన్-13 (మామూలు కార్బన్ కంటే బరువైన రూపం) ఉన్న కార్బన్ డయాక్సైడ్ గ్యాసుతోనే దొరుకుతుంది. అణువుల బరువు చూపే మాస్ స్పెక్ట్రంలో 29 దగ్గరి పీక్, అంటే కార్బన్-13 ఉన్న కార్బన్ మోనాక్సైడ్ పెరగాలి. 28 ఒక్కటే పెరిగితే అది పాత కార్బన్ కావచ్చు, పదేపదే సూది గుచ్చిన సెప్టమ్ (పాత్ర మూతిలోని రబ్బరు బిరడా) లోంచి దూరిన నైట్రోజన్ కూడా కావచ్చు. నైట్రోజన్ బరువూ 28 కదా!

సమస్య: నీటిలో చేస్తే దాదాపు అంతా హైడ్రోజనే వస్తోంది.

25 డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ పీడనంలో లీటరు నీటిలో కరిగే కార్బన్ డయాక్సైడ్ సుమారు 34 మిల్లీమోల్స్ మాత్రమే. అందుకే ఎలక్ట్రాన్లు నీటిలోని ప్రోటాన్ల వైపు పోయి హైడ్రోజన్ తయారవుతుంది. పీడనం పెంచండి. కార్బన్ డయాక్సైడ్‌ను బాగా కరిగించుకునే ఇమిడజోలియం అయానిక్ లిక్విడ్ వాడి, నీటి శాతం తగ్గిస్తూ చూడండి.

అలా మార్చాక చర్య నెమ్మదిస్తే తప్పు చిక్కదనానిది. బుడగ తేనెలోలా పైకి పాకుతుంటే గ్యాస్ ఉత్ప్రేరకం దాకా చేరడం లేదన్నమాట. గట్టిగా కలపండి, ద్రవం పొర పలుచన చేయండి, అవసరమైతే కాస్త నీరు చేర్చండి.

సమస్య: మొదట బాగా నడిచి, కొన్ని గంటలకు ఆగిపోయింది.

ఎలక్ట్రాన్ దాత (చర్యకు ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థం) అయిపోయిందా, కాంతిని పీల్చే రుథేనియం రంగు సమ్మేళనం చెడిందా అని టెన్షన్ పడక్కర్లేదు. ముందు దాతను కలపండి. చర్య మళ్లీ మొదలైతే కారణం అదే. లేకపోతే తాజా రంగు సమ్మేళనం కలపండి. రెండింటికీ కదలకపోతే ఉత్ప్రేరకమే పోయిందని అనుమానించాలి.

ఇక వైట్ ఎల్ఈడీ కింద టైటానియం డయాక్సైడ్ అసలు పనిచేయకపోతే దాన్ని తప్పుపట్టకండి. అనటేజ్ అనే దాని స్ఫటిక రూపానికి బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కావాల్సిన కనీస శక్తి) 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే సుమారు 387 నానోమీటర్ల కంటే పొట్టి కాంతే కావాలి. లైటు మార్చండి.