మంచు కాలంలో కారు పెయింట్: ఉప్పు కంటే ముందు మన చేతుల సంగతి

చలి తగ్గి ఎండ బాగా కాసిన మొదటి ఆదివారం కారు కడుగుతుంటే బానెట్ మీద సన్నటి గీతలు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, వందలు. అన్నీ ఒకే వాటంగా, అద్దం వైపు నుంచి ముందుకి. కాసేపు ఉప్పుని తిట్టుకున్నాను, మంచు కరగాలని రోడ్ల మీద దాన్ని చల్లేవాళ్లనీ తిట్టుకున్నాను. తర్వాత చెయ్యి చాపి చూస్తే ఒక్కో గీత పొడవు సరిగ్గా నా చెయ్యి ఆడినంత మేర. రోజూ పొద్దున్నే లేటవుతోందన్న టెన్షన్‌లో గట్టి ప్లాస్టిక్ పళ్ల బ్రష్‌తో మంచు ఊడ్చిపారేశాను కదా, దాని ఫలితం. ఆ చలికాలం మొత్తంలో ఉప్పు పాడుచేసింది ఒక్క చోట. నేను పాడుచేసింది మిగతా బండంతా.

అందుకే ఈ జాగ్రత్తల్లో సగం ఉప్పు గురించి, సగం మన గురించి.

ముందు ఒక చిన్న లెక్క. కారు రేకు మీద ఉన్న పెయింట్ మందం, అన్ని పొరలూ కలిపి, సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే ఒక మామూలు కాగితం మందం, లేదా కాస్త ఎక్కువ. రేకుని అంటిపెట్టుకుని తుప్పు పట్టకుండా కాపాడే పొర, దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర. మనకి కనిపించే మెరుపంతా ఈ చివరిదానిదే. అది 40, 50 మైక్రాన్లు మించి ఉండదు. గీతలు పడినప్పుడల్లా పాలిష్ పట్టించుకుంటూ పోతే ప్రతిసారీ దాంట్లోంచే కొంత అరుగుతుంది. కాబట్టి పడ్డాక పోగొట్టుకోవచ్చులే అనుకోకూడదు.

ఇక ఉప్పు. క్లియర్ కోట్ బాగున్నంత కాలం ఉప్పునీళ్లు దాన్ని పెద్దగా ఏమీ చెయ్యలేవు. రోడ్డు మీది కంకర రాయి ఎగిరి తగిలి పెయింట్ పెచ్చు లేచిందనుకోండి, అక్కడ దానికి దారి దొరుకుతుంది. ఆ సందులో చేరిన నీళ్లు రాత్రికి గడ్డకడతాయి. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది, అంచుల్ని ఇంకాస్త లేపుతుంది. పగలు కరుగుతుంది, ఈసారి ఉప్పుతో కలిసి ఇంకొంచెం లోపలికి పోతుంది. చలికాలమంతా ఇదే వరస. పైగా రోడ్ల మీద వేసేది మామూలు ఉప్పొక్కటే కాదు. మామూలు ఉప్పు మైనస్ 9 డిగ్రీల దాకా బాగా పనిచేస్తుంది, అంతకంటే చలి ముదిరితే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ లాంటివి వాడతారు. ఇవి గాల్లోని తేమని లాక్కునే రకం. మామూలు ఉప్పు ఎండి తెల్లగా పొడిలా కనిపిస్తుంది, ఇవి మాత్రం బండికి అంటుకుని చెమ్మగానే ఉంటాయి. కొన్నిచోట్ల మంచు పడక ముందే రోడ్డుని ఉప్పునీళ్లతో తడిపి పెడతారు. కాబట్టి ఇంకా మంచే పడలేదు, కడగడం ఎందుకు అనుకుంటే పొరపాటు.

చలి రాకముందే చెయ్యాల్సినవి

వ్యాక్స్ అయినా, దాని బదులు పూసే సీలెంట్ అయినా, పెచ్చు లేచిన చోట అద్దే టచప్ పెయింట్ అయినా పట్టుకోవాలంటే వాతావరణం కనీసం 10 డిగ్రీలు ఉండాలి. అంతకంటే తక్కువలో రుద్దితే చేతులు నొప్పి పుట్టడం తప్ప పెద్దగా ఫలితం ఉండదు. రాత్రిళ్లు సున్నాకి దిగడం మొదలయ్యాక డబ్బా మూత తీస్తే ఇల్లు కాలాక బావి తవ్వినట్టే. ఆకులు రాలే రోజుల్లోనే ఒక ఎండ పూట దీనికి కేటాయించుకోండి.

మొదట శుభ్రంగా కడగాలి. పాత వ్యాక్స్ వదలాలంటే ఈ ఒక్కసారికి గిన్నెలు తోమే లిక్విడ్ వాడినా నేను తప్పు పట్టను, ఎలాగూ కొత్తది పూస్తాం కాబట్టి. మిగతా ఏడాదంతా కారు షాంపూనే వాడాలి. కడిగాక అరచేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని పెయింట్ మీద మెల్లగా రాసి చూడండి. కంటికి కనపడని గరుకు వేళ్లకి తెలుస్తుంది. అలా గరగరలాడితే క్లే బార్, అంటే అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద, తీసుకుని, దాంతోపాటు అమ్మే లూబ్రికెంట్‌తో తడిపి, నొక్కకుండా జార్చుకుంటూ పోవాలి. క్లే ముద్ద చేజారి నేల మీద పడితే ఇంక దాన్ని వాడొద్దు. ఇసుక గుచ్చుకున్న ముద్దతో రుద్దడం ఎమెరీ కాగితంతో రుద్దడమే.

తర్వాత ఏం పుయ్యాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. మామూలు కార్నౌబా వ్యాక్స్ అందంగా మెరుస్తుంది కానీ నెలా రెండు నెలలు తట్టుకుంటే గొప్ప. చలికాలానికి సింథటిక్ సీలెంట్ మేలు, బాగా పూస్తే నాలుగైదు నెలలు ఉంటుంది. సిరామిక్ కోటింగ్ ఏడాది పైనే ఉంటుంది, కానీ దాని గురించి వినపడే గొప్పల్ని సగానికి తగ్గించుకోవాలి. అది మురికిని అంత తేలిగ్గా అంటుకోనివ్వదు, అంటుకున్నది త్వరగా వదిలేలా చేస్తుంది, అంతవరకే. రాయి దెబ్బని అది ఆపలేదు. రాయిని ఆపేది పెయింట్ మీద అతికించే పీపీఎఫ్ అనే పారదర్శక ఫిల్మ్ ఒక్కటే. దాని మందం 150 నుంచి 200 మైక్రాన్లు, అంటే అసలు పెయింట్ కంటే ఎక్కువ. బండంతా వేయించక్కర్లేదు. బానెట్ ముందు అంచు, ముందు బంపర్, చక్రాల వెనక భాగం, డోర్ల కింది పట్టీ, ఈ నాలుగు చోట్లా వేయిస్తే చాలావరకు సరిపోతుంది. అదీ వద్దనుకుంటే కనీసం మడ్ ఫ్లాప్‌లు పెట్టించండి. చూడ్డానికి బాగుండవని తీసేసేవాళ్లున్నారు. డోర్ల కింద పెచ్చులు అంతకంటే బాగుండవు.

ఆవగింజంత పెచ్చు

ఇప్పుడు నా బానెట్ మీద ఉప్పు పాడుచేసిన ఆ ఒక్క చోటు. చలి మొదలయ్యే ముందు లారీ వెనక వెళ్తుంటే టక్‌మని చప్పుడైంది. దిగి చూస్తే బానెట్ అంచున ఆవగింజంత మచ్చ, మధ్యలో చుక్కంత బూడిదరంగు. ఇంతేకదా అని వదిలేశాను. రెండు నెలలకి దాని చుట్టూ గోధుమరంగు వలయం వచ్చింది. చలి పోయే వేళకి వలయం అవతల పెయింట్ మామూలుగానే ఉంది, కానీ గోరుతో నొక్కితే మెత్తగా దిగింది. లోపల తుప్పు పాకిపోయి పెయింట్ పొక్కులా లేచింది. ఆవగింజ కాస్తా రూపాయి బిళ్లంత అయింది. రేకు దాకా గీకి మళ్లీ పెయింట్ వేయించాల్సి వచ్చింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

టచప్ పెద్ద విద్యేమీ కాదు. మీ కారు రంగు కోడ్ సాధారణంగా డ్రైవర్ డోర్ తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీదో, బానెట్ కిందో ఉంటుంది. ఆ కోడ్ చెప్పి చిన్న సీసా తెచ్చుకోవాలి. కంటికి ఒకేలా ఉందని ఏదో తెలుపు తెస్తే కుదరదు, తెలుపులోనే చాలా రకాలున్నాయి. పెచ్చు లేచిన చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి వ్యాక్స్ లేకుండా చెయ్యాలి. తుప్పు కనిపిస్తే సన్నటి ఎమెరీ కాగితం కొసతో ఆ చుక్క వరకే గీకాలి. రేకు బయటపడితే ముందు ప్రైమర్, తర్వాత రంగు, తర్వాత క్లియర్. సీసాతో వచ్చే బ్రష్ లావుగా ఉంటుంది, దాని బదులు టూత్‌పిక్ కొసన ఒక్క చుక్క తీసుకుని గుంట మధ్యలో వదలండి, అదే సర్దుకుంటుంది. ఒక్కసారే నింపెయ్యకుండా పల్చగా రెండు మూడు సార్లు, ప్రతిసారీ ఆరనిచ్చి. దగ్గర్నుంచి చూస్తే మచ్చ కనిపిస్తుంది, కనిపించనీయండి. మనకి కావాల్సింది అందం కాదు, దారి మూసెయ్యడం.

ఇంకో మాట. కొన్ని కార్లకి బానెట్ అల్యూమినియందై ఉంటుంది. అక్కడ ఎర్ర తుప్పు రాదు, పెయింట్ కింద తెల్లటి పొడి పేరుకుని పొక్కులు లేస్తాయి. ఎర్రగా లేదు కదా అని ధీమాగా ఉండకండి. ముందు బంపర్ ప్లాస్టిక్‌ది, దానికి మాత్రం తుప్పు భయం లేదు. అక్కడి పెచ్చులు చూడ్డానికి ఇబ్బందే తప్ప వాటికి తొందరేం లేదు.

మంచు తీసేటప్పుడు

అద్దం మీద గీకే స్క్రేపర్ అద్దానికే. పెయింట్ మీద గడ్డకట్టిన మంచుని ఎప్పుడూ గీకొద్దు, అది దానంతటదే కరగాలి. పెయింట్ మీది మెత్తటి మంచుకి ఫోమ్ తల ఉన్న మంచు బ్రష్ దొరుకుతుంది. దాంతో కూడా ఊడ్చినట్టు కాకుండా నెట్టినట్టు తొయ్యాలి, చివరి అంగుళం మంచుని అలాగే వదిలెయ్యాలి. ఎందుకంటే రోడ్డు నుంచి లేచిన ఇసుక, ఉప్పు పలుకులు అంతా ఆ అడుగు పొరలోనే ఉంటాయి. పూర్తిగా శుభ్రం చేద్దామని ఆరాటపడే వాళ్లే, నాలాంటి వాళ్లే, గీతలు పెట్టుకుంటారు. జాకెట్ చేత్తో తుడవడం కూడా వద్దు, జిప్పు, బొత్తాలు ఉంటాయి. అయితే పైకప్పు మీది మంచు మాత్రం తీసే బయల్దేరండి. బ్రేక్ కొట్టినప్పుడు అది జారి ముందు అద్దాన్ని కప్పేస్తుంది. పెయింట్ కంటే ప్రాణం ముఖ్యం.

వేడినీళ్లు పొయ్యడమన్న ఆలోచనే పెట్టుకోకండి. అద్దం పగలొచ్చు. పగలకపోయినా ఆ నీళ్లు డోర్ రబ్బర్లలోకి కారి, గడ్డకట్టి, మర్నాడు డోరే తెరుచుకోదు.

బయట పార్క్ చేసేవాళ్లు కవర్ కొందామనుకుంటారు. నేనైతే వద్దంటాను. శుభ్రంగా, పొడిగా ఉన్న కారు మీద, గాలి లేని చోట అయితే పర్వాలేదు. ఉప్పు పట్టిన కారు మీద కవర్ వేస్తే గాలికి అది రాత్రంతా రెపరెపలాడుతూ ఆ ఉప్పుతోనే పెయింట్‌ని రుద్దుతుంది.

కడగడం

పది రోజులకి ఒకసారి, మరీ కుదరకపోతే రెండు వారాలకి. ఎండ ఉన్న మధ్యాహ్నం, కనీసం 4, 5 డిగ్రీలున్నప్పుడు, ఆ తర్వాత కొన్ని గంటలైనా సున్నాకి పైన ఉంటుందని తెలిస్తేనే. ఎండిన ఉప్పు మీద పొడిగుడ్డ పెట్టి తుడవడం కంటే మురికిగా వదిలెయ్యడమే మంచిది. ముందు నీళ్ల ధారతో బాగా తడపాలి, చక్రాల గూళ్లలో, బండి అడుగున ఎక్కువసేపు. ప్రెజర్ వాషర్ అయితే ఒక అడుగు దూరానికి తగ్గకుండా, పెచ్చు లేచిన చోట ఇంకా దూరంగా పట్టుకోవాలి. దగ్గర పెడితే ఉన్న పెచ్చుని అదే ఊడగొడుతుంది. ఆ తర్వాత నురగ, కొంచెం నాననిచ్చి మళ్లీ ధార. అప్పుడే చేతికి గుడ్డ. రెండు బకెట్లు ఉండాలి, ఒకటి షాంపూకి, ఇంకోటి గుడ్డ జాడించడానికి. పైనుంచి కిందికి, కింది పట్టీలు అన్నిటికంటే చివర.

బయట కడిగిస్తే గిరగిరా తిరిగే బ్రష్షులున్న చోటికి వెళ్లొద్దు. మీ ముందు వెళ్లిన కారు ఇసుకంతా ఆ బ్రష్షుల్లో ఉంటుంది. నీళ్లు, రసాయనాలతోనే కడిగే టచ్‌లెస్ రకం మంచిది. వాటిలో వాడే రసాయనాలు కొంచెం ఘాటు, వ్యాక్స్ త్వరగా పోతుంది. అయినా గీతల కంటే అదే నయం. అడుగు భాగం కడిగే ఆప్షన్ ఉంటే తప్పకుండా తీసుకోండి.

కడిగాక డోర్లన్నీ తెరిచి అంచులు, రబ్బర్లు తుడవండి. డోర్ కింది అంచున నీళ్లు పోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి, వేలు పెట్టి తడిమితే తెలుస్తాయి. బురద మూసేస్తే ఉప్పునీళ్లు డోర్ లోపలే నిలిచి, లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. పెయింట్ మీద పొక్కు కనపడేసరికి అది ఎప్పుడో ముదిరిపోయి ఉంటుంది.

వెచ్చటి గ్యారేజ్ ఉందని సంబరపడేవాళ్లకి ఒక కబురు. ఉప్పు పట్టిన బండిని వెచ్చటి చోట పెడితే మంచు కరిగి, ఆ తడిలో తుప్పు బయటి చలిలో కంటే వేగంగా పడుతుంది. గ్యారేజ్ మానెయ్యమని కాదు. లోపలికి తెచ్చే ముందు వీలైనప్పుడల్లా అడుగు భాగం మీద నీళ్లు కొట్టి తీసుకురండి.

రోడ్డు మీద చెయ్యగలిగింది తక్కువే. ఉప్పూ ఇసుకా చల్లే బండి, కంకర లారీ ముందు కనిపిస్తే దూరం పాటించండి, తొందరపడి దాటకండి. దాని పక్కనుంచి వెళ్లే ఆ కొన్ని క్షణాల్లోనే ఎక్కువ రాళ్లు తగులుతాయి.

నెలకోసారి, కడిగిన రోజు రాత్రి, టార్చ్ లైట్‌ని పెయింట్‌కి దాదాపు ఆనించి పక్కవాటుగా వెయ్యండి. ఎదురుగా వేస్తే మెరుపే కనిపిస్తుంది. పక్క వెలుగులో చిన్న గుంటకి కూడా నీడ పడుతుంది. బానెట్ అంచు, చక్రాల గూళ్ల పెదవులు, డోర్ల కింద చూడండి. కొత్త పెచ్చు కనపడితే, టచప్ పట్టే వెచ్చదనం వచ్చేదాకా కనీసం ఆ చోట తుడిచి ఆరబెట్టి, మీద కొంచెం వ్యాక్స్ అద్ది పెట్టండి. పెయింట్ వెయ్యబోయే రోజు దాన్ని ఆల్కహాల్‌తో తుడిచేస్తే సరి.