ఆర్చ్‌టాప్ గిటార్‌కి బ్రిడ్జి అమర్చడం: పాదాల నుంచి శ్రుతి దాకా

మామూలు అకౌస్టిక్ గిటార్‌లో బ్రిడ్జి (తీగలను మోసే ముక్క) పై పలకకు జిగురుతో అతికి ఉంటుంది. తయారైన రోజు ఎక్కడ కూర్చుందో జీవితాంతం అక్కడే ఉంటుంది. పై పలక విల్లులా వంపు తిరిగి ఉండే ఆర్చ్‌టాప్‌లో అలా కాదు. వయొలిన్‌లో లాగే బ్రిడ్జిని తీగల ఒత్తిడి ఒక్కటే పట్టి ఉంచుతుంది. తీగలు దాని మీదుగా వెళ్లి, అవతల గిటార్ చివర బిగించిన టెయిల్‌పీస్‌లో ముగుస్తాయి. ఆర్చ్‌టాప్ గొంతు బాగా పలకకపోతే ముందుగా అనుమానించాల్సింది బ్రిడ్జినే. పికప్‌నీ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం), తీగల కంపెనీనీ అనుమానించడం ఆ తరవాతి సంగతి. ఎంతో ఇష్టపడి తెచ్చుకున్న గిటార్ కూడా పాదాలు సరిగ్గా ఆనని బ్రిడ్జి వల్ల మూగగా పలుకుతుంది. అదే గిటార్ రెండు గంటల పనితో మారిపోతుంది.

లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. 12–52 సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం) తీగలన్నీ శ్రుతిలో ఉన్నప్పుడు మొత్తం లాగుడు దాదాపు 70 కిలోలు. బ్రిడ్జి మీద తీగ వంగే కోణం 14 డిగ్రీలనుకుంటే అందులో సుమారు నాలుగో వంతు, అంటే 17 కిలోల బరువు, కిందికి నొక్కుతుంది. అంత బరువూ రెండు చిన్న పాదాల ద్వారానే పలకలోకి దిగాలి. పాదం సగమే ఆనితే ఆ చోట చెక్క నొక్కుకుపోతుంది, మిగతా చోట ధ్వని దిగదు.

దగ్గర పెట్టుకోవలసినవి

అర మిల్లీమీటరు గీతలున్న స్టీల్ స్కేలు, ఫీలర్ గేజ్ (సన్నటి ఖాళీలు కొలిచే రేకులు), కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచే బిగింపు), సెంట్లు (అర స్వరంలో నూరో వంతులు) చూపించే ట్యూనర్, జిగురు తక్కువగా ఉండే పెయింటర్స్ టేప్, 80, 120, 220 నంబర్ల ఉప్పుకాగితాలు (శాండ్‌పేపర్), మెత్తని పెన్సిలు, ఒక కార్బన్ పేపరు, పదునైన బ్లేడు, మందపాటి తువ్వాలు, కొత్త తీగల సెట్టు. పాత తీగలతో శ్రుతి సరిచూడకండి. ఫ్రెట్ల (నెక్ మీది లోహపు పట్టీల) దగ్గర అరిగి, మురికి పట్టిన తీగ ఎంత సర్దినా సరైన స్వరం ఇవ్వదు.

ముందు తేమ, తరవాత నెక్

గిటార్ ఉండే గదిలో గాలి తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. చెక్క తేమ పీల్చుకుంటే పై పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. ఎండితే పలక దిగి తీగలు ఫ్రెట్లకు తగులుతాయి, ఫ్రెట్ల కొనలు బోర్డు అంచు దాటి వేలికి గుచ్చుకుంటాయి. బాగా ఎండితే పలక పగులుతుంది. వేరే వాతావరణం నుంచి వచ్చిన గిటార్‌ను కనీసం ఒక రోజు గదిలో ఉండనిచ్చి అప్పుడు పని మొదలుపెట్టండి. లేకపోతే ఇవాళ కుదిర్చిన ఎత్తు వారంలో మారిపోతుంది.

నెక్ వంపు కొలవడానికి తీగలు పూర్తి శ్రుతిలో ఉండాలి. మొదటి ఫ్రెట్ మీద కాపో పెట్టండి. నెక్ శరీరాన్ని కలిసే ఫ్రెట్ దగ్గర ఆరో తీగను (అన్నిటికన్నా లావుది) నొక్కి పట్టుకుని, ఏడో ఫ్రెట్ పైన ఉన్న ఖాళీని ఫీలర్ గేజ్‌తో చూడండి. 0.10 నుంచి 0.25 మి.మీ. ఉంటే చాలు. ఎక్కువగా ఉంటే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల వంపు సర్దే లోహపు కడ్డీ) కుడివైపుకు, అసలు లేకపోతే ఎడమవైపుకు తిప్పండి. ఒకసారికి పావు చుట్టు మించకండి. తిప్పాక మళ్లీ శ్రుతి చేసి కొలవండి. గట్టిగా బిగిసి ఉంటే బలవంతం చేయకుండా ఆపేయండి. తెగిన ట్రస్ రాడ్‌ను బాగుచేయాలంటే ఫ్రెట్‌బోర్డు ఊడదీయాలి.

బ్రిడ్జి తీయడం

తీయకముందు బ్రిడ్జి నాలుగు మూలల పక్కన చిన్న టేప్ ముక్కలంటించి, వాటి మీద పెన్సిలుతో గీతలు పెట్టండి. పాత గిటార్లకు ఎక్కువగా నైట్రోసెల్యులోజ్ లక్కర్ ఉంటుంది. టేప్ రాత్రంతా ఉంచితే లక్కర్ దానితో పాటు లేచిపోవచ్చు. పని అవగానే పలకకు ఆనించినట్టుగా, నెమ్మదిగా వెనక్కి మడుస్తూ లాగండి.

తీగలన్నీ సమంగా కొంచెం కొంచెం వదులు చేయండి. ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. తీగలు వదులవగానే ట్రెపీజ్ (కీలు మీద కదిలే) టెయిల్‌పీస్ వేలాడి పలక మీద పడుతుంది. ముందే దాని కింద తువ్వాలు మడత పెట్టి ఉంచండి. పిక్‌గార్డుకు (పలకకు గీతలు పడకుండా అడ్డుండే రేకు) గానీ నెక్ చివరకు గానీ తగిలించిన పికప్ ఉంటే దాని సన్నటి వైరు ఎటు పోతోందో చూసుకోండి.

పాదాలను పలకకు కుదర్చడం

పని మొత్తంలో ఓపిక కోరేది ఇదే. తొందరపడితే బ్రిడ్జి పాడవుతుంది, పలక మీదా గీతలు పడతాయి.

బ్రిడ్జి కూర్చునే చోట పలక మీద రెండు పొరల టేప్ వేయండి. దానిమీద 80 నంబరు ఉప్పుకాగితాన్ని గరుకు వైపు పైకి వచ్చేలా, కదలకుండా అంటించండి. కాగితం బ్రిడ్జి అసలు కూర్చునే చోటే ఉండాలి. పలక వంపు రెండు సెంటీమీటర్లు జరిగినా మారుతుంది. పాదాల అడుగున పెన్సిలుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, బ్రిడ్జి అడుగుభాగాన్ని ఒక్కదాన్నే (తీగలు ఆనే పై భాగమైన శాడిల్‌నూ, దాని ఎత్తు సర్దే చక్రాలనూ తీసేసి) కాగితం మీద పెట్టి తీగల దిశలో ముందుకూ వెనక్కూ రుద్దండి. ఒక్కో రుద్దు సెంటీమీటరు మించకూడదు. బ్రిడ్జిని ఊపకండి. ముందుకో వెనక్కో ఒరిగితే పాదం అడుగు గుండ్రమై అంచులు ఎప్పటికీ ఆనవు. వేళ్ల బలం మధ్యలో కాకుండా, స్క్రూ స్తంభాలు దిగే రెండు చోట్లా పడాలి. ఎందుకంటే తీగల బరువు దిగేది ఆ రెండు చోట్లే. మధ్యలో నొక్కి రుద్దితే రెండు పాదాలనూ కలిపే భాగం కొంచెం వంగుతుంది. చేతిలో చక్కగా ఆనిన పాదమే తీగలు ఎక్కాక అంచు లేపుతుంది.

పది పదిహేను రుద్దులకు ఒకసారి ఆగి పొడి ఊదేయండి. పెన్సిలు గీతలు ఎక్కడ చెరిగాయో అక్కడే చెక్క అరుగుతోంది. గీతలన్నీ పోయాక మళ్లీ గీసి 120తో కొద్దిసేపు, ఆఖర్న 220తో అయిదారు రుద్దులు చాలు. ఈలోగా పాదాల అంచులు కాగితంలా పలుచబడుతుంటే ఆపేయండి. ఆ బ్రిడ్జికి ఇక మిగిలిన చెక్క లేదు, కొత్త అడుగుభాగం తీసుకోవడమే మంచిది.

ఇప్పుడు కార్బన్ పరీక్ష. ఉప్పుకాగితం తీసేసి, టేప్ మీదే కార్బన్ పేపరును సిరా వైపు పైకి ఉంచి, బ్రిడ్జిని దానిమీద నొక్కి కొద్దిగా కదిలించండి. పాదాల అడుగున మచ్చలు పడిన చోట్లు ఎత్తుగా ఉన్నాయన్నమాట. వాటిని బ్లేడుతో గీకి తీసేయండి, కోయకండి. మచ్చలు పాదమంతా సమంగా పరుచుకునే వరకూ ఇలా చేయండి. ఆఖరి పరీక్ష తీగలు ఎక్కించి శ్రుతి చేశాకే. పాదం చుట్టూ సన్నటి కాగితపు ముక్కను దూర్చి చూడండి. ఏ అంచు కిందికీ అది పోకూడదు. అవతలి వైపు నుంచి టార్చి వేస్తే వెలుగు కూడా కనిపించకూడదు.

చోటు నిర్ణయించడం

నట్ (నెక్ కొసన తీగలు ఆనే గాట్ల పట్టీ) లోపలి అంచు నుంచి 12వ ఫ్రెట్ నడినెత్తి దాకా కొలవండి. తీగ పలికే పొడవు (దీన్నీ స్కేలు అంటారు) 25.5 అంగుళాలైతే అది 323.85 మి.మీ. 12వ ఫ్రెట్ నుంచి అంతే దూరం వెనక్కి కొలిచి, మొదటి తీగకు 2 మి.మీ. దాకా, ఆరో తీగకు 4 నుంచి 5 మి.మీ. కలపండి. తీగ నొక్కినప్పుడు సాగి స్వరం హెచ్చుతుంది. లావు తీగకు అది ఎక్కువ కాబట్టి దానికి ఎక్కువ పొడవివ్వాలి. అందుకే బ్రిడ్జి ఆరో తీగ వైపు కొంచెం వెనక్కి జరిగి ఏటవాలుగా కూర్చుంటుంది. ఏటవాలు చూసి తప్పనుకుని తీగలకు సరిగ్గా అడ్డంగా తిప్పేయకండి. ఎఫ్ ఆకారపు రంధ్రాల లోపలి గాట్లు బ్రిడ్జి చోటును ఉజ్జాయింపుగా చెబుతాయి, అంతే. మాట చెల్లాల్సింది ట్యూనర్‌దే.

పక్కల సంగతి కూడా చూడండి. రెండు చివరి తీగలూ ఆఖరి ఫ్రెట్ దగ్గర బోర్డు అంచుకు దాదాపు సమాన దూరంలో ఉండాలి. మొదటి తీగ వైపు వెంట్రుకవాసి ఎక్కువ ఇస్తే వేలు లాగినప్పుడు తీగ అంచు దాటి జారిపోదు.

తీగలు ఎక్కించడం

ముందు ఒకటో, ఆరో తీగలు వేసి బ్రిడ్జిని నిలబెట్టండి. మిగతా నాలుగూ తరవాత. శాడిల్ గాట్లలోనూ నట్ గాట్లలోనూ పెన్సిలు ముక్కు రుద్దితే తీగలు జారుతూ కదులుతాయి. లేకపోతే బిగిస్తున్న కొద్దీ తీగలు శాడిల్‌ను నట్ వైపుకు ఈడ్చుకుంటూ పోతాయి. ముందుకు ఒరిగిన బ్రిడ్జి స్తంభాలను వంచుతుంది, పాదాల ముందు అంచు పలకలోకి దిగబడుతుంది, చివరకు శాడిల్ స్తంభపు రంధ్రం దగ్గర చీలుతుంది. బిగించేటప్పుడు రెండు మూడుసార్లు పక్క నుంచి చూసి, ఒరిగి ఉంటే తీగలు కొంచెం వదిలి రెండు చేతులతో నిటారుగా లాగండి.

మామూలుగా తీగలు మార్చేటప్పుడు మాత్రం ఒకదాని తరవాత ఒకటిగా మార్చండి. అప్పుడు బ్రిడ్జి చోటు మారదు, పైన చెప్పిన తతంగమంతా మళ్లీ అక్కర్లేదు.

ఎత్తు

12వ ఫ్రెట్ దగ్గర ఫ్రెట్ తల నుంచి తీగ అడుగు దాకా ఆరో తీగకు 2.0–2.4 మి.మీ., మొదటి తీగకు 1.5–1.8 మి.మీ. మంచి ఆరంభం. గట్టిగా రిథమ్ కొట్టేవారికి ఇంకొంచెం ఎత్తు కావాలి. ఎత్తున్న తీగ ఆర్చ్‌టాప్ పలకను నిజంగా కదిలిస్తుంది. మరీ కిందికి దించి ‘చేతికి తేలిక’ అనుకుంటే గిటార్ గొంతు సగం పోగొట్టుకున్నట్టే.

12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు మార్చాలంటే బ్రిడ్జి దగ్గర ఒక మిల్లీమీటరు మార్చాలి. చక్రాలను తిప్పే ముందు తీగలు వదులు చేయండి. బరువు కింద తిప్పితే మరలు అరుగుతాయి. పట్టకారు వాడితే చక్రం పళ్లు పోతాయి. చక్రాలు పూర్తిగా దిగినా తీగలు ఎత్తుగానే ఉన్నాయంటే తప్పు బ్రిడ్జిది కాదు. నెక్ కోణం మారి ఉంటుంది, దాన్ని వాయిద్యాలు చేసే నిపుణుడే ఊడదీసి అమర్చాలి. పూర్తిగా పైకెత్తినా తీగలు తగులుతుంటే పలక దిగిందేమో చూడండి. చిన్న అద్దమూ లైటూ రంధ్రంలోంచి పెట్టి లోపలి కమ్మీలు ఊడాయేమో చూడండి. వేలి కణుపుతో తట్టితే ఊడిన చోట గరగరమని మోగుతుంది.

శ్రుతి సరిచూడటం

ఎత్తు ఖరారయ్యాకే ఇది. ఎత్తు మారితే శ్రుతీ మారుతుంది. 12వ ఫ్రెట్ మీద తీగను తాకీ తాకకుండా మీటిన హార్మోనిక్‌నూ, అక్కడే నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కినది హెచ్చుగా ఉంటే బ్రిడ్జిని టెయిల్‌పీస్ వైపుకు, తగ్గుగా ఉంటే నెక్ వైపుకు జరపండి. 25.5 అంగుళాల స్కేలులో ఒక మిల్లీమీటరు జరిపితే తేడా రెండున్నర సెంట్లకు కాస్త ఎక్కువే మారుతుంది. కాబట్టి 5 సెంట్లు హెచ్చుంటే సుమారు 2 మి.మీ. వెనక్కి. జరిపేటప్పుడు తీగలు కొంచెం వదలండి, లేకపోతే పాదాలు లక్కర్‌ను గీస్తాయి.

ముందు రెండు చివరి తీగలు సరిచేయండి. మధ్య నాలుగూ శాడిల్ కోతను బట్టి ఉంటాయి. చెక్క శాడిల్ మామూలుగా చుట్టు ఉన్న (మీద సన్నటి తీగ చుట్టిన) మూడో తీగ కోసం కోసి ఉంటుంది. చుట్టు లేని మూడో తీగ వేస్తే అది ఫ్రెట్లన్నిటి మీదా హెచ్చుగా పలుకుతుంది, బ్రిడ్జిని ఎంత జరిపినా పోదు. తీగైనా మార్చాలి, శాడిలైనా మార్చాలి. ఒక్కో తీగకూ విడిగా సర్దే లోహపు శాడిల్ ఈ బాధ తీరుస్తుంది గానీ దాని బరువు వల్ల పికప్ లేకుండా వాయించినప్పటి ధ్వని తగ్గుతుంది. పలక సొంత గొంతు కోసం ఆర్చ్‌టాప్ కొనుక్కున్నవారికి చెక్కదే మేలు.

తీగల ఎంపిక

కంచు చుట్టిన తీగలు పికప్ లేకుండా బాగుంటాయి. అయస్కాంత పికప్‌కి మాత్రం చుట్టు కనిపించదు, లోపలి ఉక్కు తీగే కనిపిస్తుంది. అందుకే చుట్టు లేని పై రెండు తీగలు విడిగా అరుస్తాయి. పికప్ ఉంటే నికెల్ లేదా చదును చుట్టు తీగలు వేయండి.

గరగరలు

ఫ్రెట్లకు తగలకుండానే గరగర వస్తుంటే, ఆ స్వరాన్నే మళ్లీ మళ్లీ మీటుతూ ఒక్కో భాగాన్నీ వేలితో నొక్కి చూడండి. ఏది నొక్కితే ఆగుతుందో అదే దొంగ. ఎక్కువగా దొరికేవి పిక్‌గార్డు బ్రాకెట్ స్క్రూ, తీగలు బిగించే మర నట్, టెయిల్‌పీస్ కీలు, బరువు పడని బ్రిడ్జి చక్రం. బ్రిడ్జికీ టెయిల్‌పీస్‌కీ మధ్య తీగ ముక్కలు మోగుతుంటే ఒక ఫెల్ట్ పట్టీని వాటి మధ్య నేసినట్టు పైకీ కిందికీ దూర్చండి.

ఆ పనిలో ఉండగానే పాత పిక్‌గార్డును వాసన చూడండి. సెల్యులాయిడ్ కుళ్లడం మొదలైతే ఘాటైన పుల్లటి వాసన వస్తుంది, దాని ఆవిరికి దగ్గరున్న లోహమంతా తుప్పు పడుతుంది, పచ్చబడుతుంది. అలాంటిదాన్ని విప్పి గిటార్ పెట్టెలో కాకుండా గాలి తగిలే వేరే చోట దాచండి. స్క్రూలనూ బ్రాకెట్‌నూ చిన్న సంచిలో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి పెట్టండి.