గీజర్ మధ్యలోనే ఆగిపోతోందా? ముందు ఎలా ఆగుతోందో చూడండి

ధనుర్మాసం వచ్చిందంటే తిరుపతి ఇళ్లలో గీజర్లకి ఊపిరి సలపదు. తెల్లవారుజామున నాలుగింటికే ఇంట్లోవాళ్లు, దర్శనానికి దిగిన చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు బకెట్లు పట్టుకుంటారు. సరిగ్గా అప్పుడే గీజర్ ఆగిపోతుంది. స్విచ్ ఆపి మళ్లీ వేస్తారు. కాసేపు నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. అలా నాలుగుసార్లు వేసి చూసేకంటే, ఒక్కసారి గడియారం పెట్టుకుని ఏది ఆగుతోందో, ఎన్ని నిమిషాలకి ఆగుతోందో గమనిస్తే సగం పని అయిపోయినట్టే.

గీజర్ మీద లైటు ఆరిపోవడం, లోపల కటౌట్ (వేడి హద్దు దాటితే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోవడం, స్విచ్‌బోర్డులో ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడే బ్రేకర్) గానీ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే బ్రేకర్) గానీ పడిపోవడం: ఈ మూడూ వేరువేరు జబ్బులు. మొదటిది చాలాసార్లు అసలు జబ్బే కాదు. నీళ్లు కాగాక థర్మోస్టాట్ కరెంటు ఆపుతుంది, చల్లారాక మళ్లీ ఇస్తుంది.

లెక్క ఇలా చూసుకోండి. 15 లీటర్ల ట్యాంకు, 2 కిలోవాట్ల కాయిల్. 25 డిగ్రీల నీళ్లు 60 డిగ్రీలకి రావడానికి 18 నిమిషాలు పడుతుంది. 25 లీటర్లదైతే అరగంట. వోల్టేజీ తక్కువుంటే ఇంకాస్త ఎక్కువ. ఇంచుమించు ఆ టైముకి లైటు ఆరి, కుళాయి తిప్పితే వేడినీళ్లు వస్తే గీజర్‌కి ఏమీ కాలేదు. అయిదారు నిమిషాలకే ఆరిపోయి, నీళ్లు గోరువెచ్చగానే వస్తే మాత్రం మొదట అనుమానించాల్సింది గార, అంటే కాయిల్ మీద పేరుకున్న సున్నం.

మన దగ్గర ఇది మామూలే. కల్యాణి డ్యాం నీళ్లు, కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నీళ్లు కుళాయికి వచ్చినా, చాలా ఇళ్లలో పైట్యాంకులో ఉండేది బోరు ఉప్పునీళ్లే. ఆ నీళ్లు కాగినప్పుడల్లా సున్నం విడిపోయి కాయిల్ మీద పేరుకుంటుంది. థర్మోస్టాట్ కడ్డీ ఉండే గొట్టం కాయిల్ పక్కనే ఉంటుంది. రెండింటి మధ్య గార గడ్డకట్టి పూడుకుపోతే కాయిల్ వేడిమి నీళ్లలోకి పోకుండా నేరుగా ఆ గొట్టానికి తగులుతుంది. నీళ్లు కాగిపోయాయనుకుని థర్మోస్టాట్ ఆపేస్తుంది. వేడి ఇంకా ఎక్కువైతే కటౌట్ కూడా పడిపోతుంది. ట్యాంకు లోపల కెటిల్ మరుగుతున్నట్టు గురగురమని శబ్దం వస్తుంటే ఇక చూడనక్కర్లేదు, గారే.

కటౌట్ పడితే లైటు దానంతట అది వెలగదు. ఎంసీబీ దించి, ప్లగ్ పీకి, కింది మూత స్క్రూలు తీస్తే థర్మోస్టాట్ దగ్గర చిన్న బటన్ కనిపిస్తుంది, ఎక్కువ వాటిలో ఎర్రగా ఉంటుంది. చల్లారాక నొక్కితే టిక్కుమంటుంది. ఒకసారి నొక్కండి, తప్పులేదు. రెండోసారి పడిందంటే కారణం వెతకాలి. కారణాలు ప్రధానంగా మూడు: గార, ట్యాంకులో నీళ్లు లేకుండా కాయిల్ నడవడం, థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోవడం. ఈ చివరిది ప్రమాదకరం. నీళ్లు పొగలు కక్కుతూ వచ్చాక కటౌట్ పడిందంటే థర్మోస్టాట్ పనిచేయడం లేదని అర్థం. దాన్ని మార్చేదాకా గీజర్ వేయొద్దు. సేఫ్టీ వాల్వు నుంచి నీళ్లు కాగేటప్పుడు చుక్కలు పడుతున్నాయని దానికి బిరడా కొట్టేవాళ్లున్నారు. అతుక్కుపోయిన థర్మోస్టాట్, మూసేసిన వాల్వు ఒకే గీజర్‌లో కలిస్తే ట్యాంకు పేలొచ్చు.

గార తీయడం ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. కరెంటు పూర్తిగా ఆపి, టెస్టర్‌తో చూసి, నీళ్లు చల్లారనివ్వాలి. చన్నీళ్ల వాల్వు కట్టేసి, వేడినీళ్ల కుళాయి తెరిచిపెట్టి, సేఫ్టీ వాల్వు మీట ఎత్తి గానీ చన్నీళ్ల పైపు విప్పి గానీ ట్యాంకు ఖాళీ చేయాలి. వైర్లు పీకే ముందు ఫోన్లో ఫోటో తీసుకోండి, బిగించేటప్పుడు అదే దిక్కు. ఫ్లాంజ్ (కాయిల్ బిగించి ఉండే బిళ్ల) నట్లు విప్పేటప్పుడు కింద బకెట్ ఉండాలి. పిండిలాంటి బురద, గుడ్డుపెంకు ముక్కల్లాంటి తెల్ల పెచ్చులు ధారగా పడతాయి.

లీటరు గోరువెచ్చని నీళ్లకి 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, కాయిల్‌ను అందులో నాలుగైదు గంటలు నానబెట్టండి. వైర్లు బిగించే టెర్మినళ్లు మాత్రం తడవకూడదు. నురగ ఆగాక ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్దితే ఊడొస్తుంది. కత్తితో గీకితే కాయిల్ పై తొడుగుకి గాటు పడుతుంది. బాత్రూంలు కడిగే యాసిడ్ జోలికి అసలు పోవద్దు, తొడుగును తినేస్తుంది. అదే చేత్తో ట్యాంకు బదులు తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ చూడండి. సగానికి మించి కరిగిపోయుంటే మార్చేయాలి, లేకపోతే తుప్పు ట్యాంకుకే పడుతుంది. ఫ్లాంజ్ కింద నీళ్లు కారకుండా ఆపే రబ్బరు గ్యాస్కెట్ పాతది మళ్లీ వేయొద్దు. నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. వేడినీళ్ల కుళాయిలోంచి గాలి పోయి నీళ్లు నిండుగా ధార కట్టాకే స్విచ్ వేయాలి. కొత్త కాయిల్ మొదటిరోజే కాలిపోయిందనేవాళ్లలో చాలామంది ఈ ఒక్కటి మరిచినవాళ్లే.

ఇక బోర్డులో పడిపోయేవి. ఆర్‌సీసీబీ పడితే కరెంటు ఎర్త్‌కి లీకవుతోందన్నమాట. ఇళ్లలో వాడేది 30 మిల్లీఆంపులకే పడిపోతుంది. ప్లగ్ పీకేస్తే నిలబడి, పెట్టగానే పడితే కాయిల్‌కి చిల్లు పడిందనో, గ్యాస్కెట్ కారి టెర్మినళ్లు తడిశాయనో అనుమానించాలి. కాయిల్ వేడెక్కాక పగులు తెరుచుకుని, పది నిమిషాలకి పడేవీ ఉంటాయి. మల్టీమీటర్‌తో 2 కిలోవాట్ల కాయిల్ 26 ఓములు చూపాలి, 3 కిలోవాట్లది 17, 18. టెర్మినల్‌కీ బాడీకీ మధ్య అసలు కనెక్షనే లేనట్టు చూపాలి. మల్టీమీటర్‌కి దొరకని లీకేజీ 500 వోల్టుల మెగ్గర్‌కి (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) దొరుకుతుంది, అది ఎలక్ట్రీషియన్ దగ్గరుంటుంది. ఆర్‌సీసీబీ తీసేసి నేరుగా కలపమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. తడి ఒంటితో ముట్టుకునే వస్తువు అది.

ఎంసీబీ ఒక్కటే పావుగంటకి పడుతుంటే ముందు వేడి ఎక్కడుందో చూడండి. 2 కిలోవాట్ల గీజర్ లాగేది తొమ్మిది ఆంపులలోపే, 16 ఆంపుల ఎంసీబీ పడాల్సిన పనిలేదు. దాని స్క్రూ వదులైతే అక్కడే వేడెక్కి పడిపోతుంది. స్విచ్ ఆపాక ప్లగ్ పీకి చూడండి. పిన్ను చెయ్యి కాలేలా ఉన్నా, నల్లబడినా సాకెట్ మార్చాలి. 6 ఆంపుల సాకెట్‌లో గీజర్ పెట్టకూడదు. పడిపోతోందని 32 ఆంపుల ఎంసీబీ వేయిస్తే గోడలో ఉన్న 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు కాలుతున్నా ఎంసీబీ పడకపోవచ్చు.

అన్నీ సరిచేశాక థర్మోస్టాట్ నాబ్‌ను 75 డిగ్రీల మీద కాకుండా 55 దగ్గర పెట్టండి. 60 దాటితే సున్నం మరీ వేగంగా పేరుకుంటుంది. బోరు నీళ్ల ఇంట్లో ఏడాదికోసారి, ధనుర్మాసానికి ముందే, కార్తీకంలో ఒక ఆదివారం ఫ్లాంజ్ విప్పి చూసుకుంటే సరిపోతుంది.