పెద్దయ్యాక కూడా అబ్బురపడటానికి ఒక మార్గం

పసితనపు ఆశ్చర్యాన్ని నిలుపుకోదలచినవారు జనవరి నెలలో, వెన్నెల లేని రాత్రి 8 గంటలకు డాబా ఎక్కి, ఫోను పక్కన పెట్టి, కళ్లు చీకటికి అలవాటు పడేవరకు సుమారు 20 నిమిషాలు ఓపిక పట్టాలి. తూర్పువైపు ఎత్తున వరుసగా మెరిసే మూడు చుక్కలు గొల్లకావడి. దాదాపు నడినెత్తిన గుంపుగా ఉన్నవి కృత్తికలు, అంటే మన పల్లెల పిల్లలకోడి. వాటినుంచి ఇప్పుడు మన కంటిని చేరే కాంతి దాదాపు 440 ఏళ్ల కిందట, 1591లో చార్మినార్ వెలియడానికి కొన్నేళ్ల ముందే బయలుదేరింది. తెలిస్తే వింత తగ్గిపోతుందన్న వాదనను నేను ఏమాత్రం ఒప్పుకోను. ఆ గుంపులో ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టి, ఇంట్లోని పిల్లలనూ లెక్కించమనాలి. వారికి ఎక్కువ కనిపిస్తే వాదించకుండా మళ్లీ చూడాలి. ఆ తరువాతే బైనాక్యులర్ అందుకోవాలి. అప్పుడు పదుల కొద్దీ చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి.