మార్చి క్లీనింగ్‌కి ముందు: పాత్‌లిబ్‌తో ఫైళ్లు కదిపేవాళ్లకు జాగ్రత్తలు

మార్చి 31 దగ్గరపడగానే చాలా ఆఫీసుల్లో పాత ఏడాది ఫోల్డర్లను ఆర్కైవ్‌కి పంపడం, అక్కర్లేనివి తీసేయడం మొదలవుతుంది. చేత్తో చేస్తే తెమిలే పని కాదు కాబట్టి ఎవరో ఒకరు పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాస్తారు. 2014లో పైథాన్ 3.4తో పాటు పాత్‌లిబ్ అనే మాడ్యూల్ వచ్చాక ఈ పని సులువైంది. అది పాత్‌ని, అంటే ఫైల్ ఉన్న చోటు చిరునామాని, ఉత్త స్ట్రింగ్‌లా కాకుండా చెట్టులా చూస్తుంది. పై ఫోల్డర్ కావాలంటే పేరెంట్, పైదాకా మొత్తం వరస కావాలంటే పేరెంట్స్. అయితే తప్పుడు పాత్ ఇచ్చినా అంతే చక్కగా కట్టిపెడుతుంది, ఎర్రర్ ఇవ్వదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

అన్నిటికన్నా ముందు ఖాళీ పేర్ల సంగతి చూడండి. తీసేయాల్సిన ఫోల్డర్ల పేర్లు ఎక్సెల్ షీట్ నుంచి వస్తున్నాయనుకుందాం. 'డేటా' అనే మెయిన్ ఫోల్డర్‌కి స్లాష్‌తో ఒక్కో పేరూ కలుపుతూ పోతారు. షీట్‌లో ఒక గడి ఖాళీగా ఉంటే? 'డేటా'కి ఖాళీ స్ట్రింగ్ కలిపితే వచ్చేది మళ్లీ 'డేటా'యే. తర్వాతి లైన్‌లో, ఫోల్డర్‌ని లోపలున్నవాటితో సహా తీసేసే ఆర్‌ఎమ్‌ట్రీ ఉంటే మొత్తం పోతుంది. ఇంకొకటి: పేరు స్లాష్‌తో మొదలైతే పాత్‌లిబ్ ఎడమవైపు ఉన్నదంతా వదిలేసి, రూట్ (డిస్క్ మొదలు) నుంచి లెక్క మొదలుపెడుతుంది.

ఒక పాత్ ఫలానా ఫోల్డర్ లోపలిదో కాదో చెప్పే ఈజ్‌రిలేటివ్‌టూ అనే చెక్ పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. అది అక్షరాలు చూస్తుందే తప్ప డిస్క్ చూడదు. రెండు చుక్కలంటే ఒక ఫోల్డర్ పైకి వెళ్లమని, అయినా 'డేటా/../జీతాలు' అన్నా 'డేటా' లోపలిదే అంటుంది. 'డేటా'ని కూడా 'డేటా' లోపలిదే అంటుంది. నేనైతే ఇలా చేయమంటాను: మెయిన్ ఫోల్డర్‌నీ, తీసేయాల్సిన దాన్నీ రెండిటినీ రిజాల్వ్ చేయండి. చుక్కలు, సిమ్‌లింకులు (ఇంకో చోటుకి దారి చూపే షార్ట్‌కట్‌లాంటివి) అన్నీ విడిపోయి అసలు చోటు బయటపడుతుంది. ఆ తర్వాత రెండోదాని పేరెంట్స్‌లో మొదటిది ఉందో లేదో చూడండి. ఖాళీ గడి, ముందు స్లాష్, రెండు చుక్కలు, మూడూ ఈ ఒక్క లైన్ దగ్గరే ఆగిపోతాయి.

పాత్‌లిబ్‌లోని ఆర్‌ఎమ్‌డిర్ ఖాళీ ఫోల్డర్లనే తీస్తుంది. చిరాకేసి ఆర్‌ఎమ్‌ట్రీకి మారేవాళ్లే ఎక్కువ. దయచేసి పదిమంది వాడే సర్వర్ మీద ఆ పని చేయకండి. 'తీసేయాల్సినవి' అని ఒక ఫోల్డర్ పెట్టి అందులోకి జరపండి, నెలపాటు ఎవరూ అడగకపోతే అప్పుడు తీసేయండి. జరిపేటప్పుడు రీనేమ్‌తో జాగ్రత్త. అదే పేరుతో అక్కడ ఫైల్ ఉంటే విండోస్‌లో ఎర్రర్ వస్తుంది, లైనక్స్‌లో మాత్రం పాతది చప్పుడు లేకుండా చెరిగిపోతుంది. ముందే ఎగ్జిస్ట్స్‌తో చూసుకోండి.

తెలుగు పేర్లున్న ఫైళ్లయితే ఇంకో రెండు చిక్కులు. లైనక్స్ సర్వర్లలో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, ఒక్కొక్కటీ 3 బైట్లు. అంటే గట్టిగా 85 గుర్తులు. క, పొల్లు, ష కలిసిన 'క్ష' ఒక్కటే 9 బైట్లు తింటుంది. విండోస్‌లో హాయిగా ఉన్న పొడవాటి పేరు సర్వర్‌కి పంపేసరికి ఆగిపోయేది ఇందుకే. రెండోది ఐత్వం. యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయొచ్చు. తెర మీద 'కైకలూరు' రెండుసార్లూ ఒకేలా కనిపిస్తుంది, పోల్చి చూస్తే మాత్రం వేరు అని వస్తుంది. ఉన్న ఫైల్‌నే లేదనుకుని స్క్రిప్ట్ ముందుకెళ్లిపోతుంది. పోల్చేటప్పుడు రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీలోకి (ఇలాంటివాటిని ఒకే గుర్తుగా కలిపే యూనికోడ్ రూపంలోకి) మార్చండి. ఫైల్ తెరవడానికి మాత్రం డిస్క్ ఇచ్చిన పేరునే వాడండి.

పేరులో చుక్కలుంటే, ఎక్స్‌టెన్షన్ మార్చే విత్‌సఫిక్స్ వాడొద్దు. 'బిల్లులు.2024' అనే పేరులో 2024నే ఎక్స్‌టెన్షన్ అనుకుని దాన్ని మార్చేస్తుంది.

లూప్ తిరుగుతుండగా అదే చెట్టులో ఫైళ్లు కదపకండి. ముందు మొత్తం లిస్ట్‌లోకి తీసుకుని ప్రింట్ చేయండి. ఆ లిస్ట్‌ని ఆ ఫైళ్లతో రోజూ పనిచేసే అకౌంట్స్ వాళ్లకు చూపించండి, వాళ్ల కంటికి దొరికేవి మన కంటికి దొరకవు. వాళ్లు సరేనన్నాక నడపండి. నడిపేటప్పుడు ప్రతి ఫైల్‌కీ పాత చోటు, కొత్త చోటు ఒక సీఎస్‌వీలో రాయించండి. ఆ సీఎస్‌వీని మీరు కదుపుతున్న ఫోల్డర్ బయట పెట్టండి.